సిరా ఎక్కని పేజీ

మా సార్ ఇక లేరన్న వార్త నాకు జగిత్యాలలో, నేను పనిచేసే పాఠశాల కార్యాలయంలో, టీసీలు రాస్తుండగా చేరింది. సిరిసిల్ల రాత్రిబడిలో నాతో కలిసి చదువుకున్న మిత్రుడు ఫోన్ చేశాడు.

"సార్ పోయిండు. పొద్దుగాల, కోరుట్లల, ఇంట్లనే. నువ్వు వస్తవా, రావా?"

ఆ "రావా" అన్న మాటలో తొమ్మిదేళ్ల సంగతి ఉంది. ఫోన్ పెట్టేశాను. రాస్తున్న టీసీలో తండ్రి పేరు గడి సగంలో ఉంది. దానిని పూర్తి చేసి, కలానికి మూత పెట్టి, సెలవు చీటీ రాసి ఇచ్చి కోరుట్ల బస్సు ఎక్కాను.

రాత్రిబడి మిత్రులు సార్ జ్ఞాపకంగా వేస్తున్న ఈ చిన్న పుస్తకానికి నన్ను కూడా రాయమన్నారు. గురువును గూర్చి రాసేటప్పుడు కృతజ్ఞత ముందు నిలవాలని నాకు తెలుసు. నాకు కృతజ్ఞత ఉంది. పందొమ్మిదేళ్లు వచ్చే వరకు సంతకం చేయడం కూడా సరిగా రాని నేను ఈరోజు మూడువందల మంది పిల్లల పత్రాలను తప్పు లేకుండా రాస్తున్నానంటే అది ఆయన పెట్టిన అక్షరమే. కాని ఆ కృతజ్ఞత పక్కనే మరొకటి కూడా నాలో ఉంది. దానిని దాచి రాస్తే ఆయనే ఒప్పుకొనేవారు కారు.

మాది పెగడపల్లి. కూలి చేసుకొని బతికిన కుటుంబం. నేను సిరిసిల్లకు వెళ్లి సాంచాల మీద పనికి కుదిరాను. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. పగటి పాళీ దిగిన కార్మికుల కోసం సార్ ఒక పాత గోదాములో బడి నడిపేవారు. పగలంతా ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పి, సాయంత్రం మా వద్దకు వచ్చేవారు. సాంచాల మోతకు అలవాటుపడిన మేమందరం అరిచి మాట్లాడేవాళ్లం. సార్ మాత్రం కావాలనే గొంతు తగ్గించి పాఠం చెప్పేవారు. వినబడక మేము ఒక్కొక్కరం ముందుకు జరిగి ఆయన చుట్టూ చేరేవాళ్లం. "దూరం కూసున్నోనికి చదువు రాదని కాదు తమ్మీ, నాకు గొంతు లేదు" అని నవ్వేవారు. ఒక పెన్సిల్‌ను బ్లేడుతో మూడు ముక్కలు చేసి ముగ్గురికి ఇచ్చేవారు. నా వంతుకు వచ్చిన మొదటి ముక్క వేలెడు పొడవు కూడా లేదు.

ఒకనాడు నేను పని చేసే షెడ్డు యజమానికి, నాకు మాటామాటా పెరిగింది. అందరి ముందర అతను, "నీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెల్వయనుకుంటున్నవా? పెగడపల్లిల ఎవలనడిగినా చెప్తరు" అన్నాడు. ఆ సాయంత్రం నేను బడిలో తల ఎత్తలేదు. సార్ సంగతి కనుక్కొని, ఆ మాటను నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి, మూడు చోట్ల గీతలు గీశారు.

"పుట్టు అంటే పుట్టుక. పూర్వం అంటే అంతకు ముందుగాల ఉన్నది. ఉత్తరం అంటే ఏంది?"

వెనుక నుంచి ఒకడు, "పోస్టుల వచ్చేది సార్" అన్నాడు. అందరూ నవ్వారు.

"అది గూడ తర్వాతనే వస్తది గదరా, ముందుగాల రాదు. ఉత్తరం అంటే తర్వాతిది. గీ మాటల మూడు పాళ్లున్నయి. మనుషులు ఒకటో పాలు, రెండో పాలు అడుగుతరు. మూడోది అడగరు. అది వాళ్లకు తెల్వది. గా మూడో పాలు మనం చెప్పాలె."

ఆ తరువాత నేను ఆ మాటను చాలా చోట్ల విన్నాను. ఉన్నవారి విషయంలో ఆ మాట వాడితే అది పరిచయం. సభలో వక్తను గూర్చి చెప్పేటప్పుడు ఆయన పుట్టుపూర్వోత్తరాలు మర్యాదగా వినిపిస్తాయి. మా వంటి వారి విషయంలో వాడితే అది బెదిరింపు. పెండ్లి సంబంధం వచ్చినప్పుడు దాన్నే "ఏ ఇంటోళ్లు?" అని అడుగుతారు, కోరుట్ల బజారులో "ఏ ఖాందాన్?" అంటారు. మాట మారినా అడిగేవారి చూపు మారదు. నేను మాత్రం సార్ చెప్పిన మూడో పాలును పట్టుకొని పదో తరగతి, ఆపై ఇంటర్, ఆపై డిగ్రీ వరకు వచ్చాను.

సార్ ఉద్యోగ విరమణ చేసి కోరుట్లలోని తమ ఇంటికి వచ్చాక ఒక పని తలపెట్టారు. మన చుట్టుపక్కల మండలాలలోని కుటుంబాలు ఎక్కడెక్కడ నుంచి వచ్చాయో, ఎవరు ముందు వచ్చారో, ఏం చేసి బతికారో ఇంటింటికీ తిరిగి అడిగి పుస్తకంగా వేయాలన్నది ఆయన సంకల్పం. ఉన్నవారివి, లేనివారివి అన్నీ ఒకే పుస్తకంలో, ఊరి వరుసలో. అప్పటికి నేను జగిత్యాల పాఠశాలలో కుదురుకున్నాను. ఆరేళ్లపాటు ప్రతి ఆదివారం ఆయన సంచి నేనే మోశాను. బస్సులలో, షేరింగ్ ఆటోలలో తిరిగాము.

ఆ పనికి ఆయన పెట్టుకున్న పద్ధతిని నేను ఇంకెవరిలోనూ చూడలేదు. ఏ ఇంటికి వెళ్లినా ముందుగా మంచినీళ్లు అడిగి తాగేవారు. ఎవరి ఇల్లని చూసేవారు కారు. "నీళ్లు తాగనోడు ముచ్చట అడగద్దు" అనేవారు. ఆ ఇంటివారు చెప్పింది నేను నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసేవాడిని. ఇంకోనాడు మళ్లీ వెళ్లి, ఆ ఇంట్లో అందరికంటే పెద్దవారిని, ఎక్కువగా ముసలి ఆడవారిని, ఎదుట కూర్చోబెట్టుకొని సార్ ఆ పేజీ మొత్తం చదివి వినిపించేవారు. వారు "ఔ" అన్న తరువాతనే ఆ పెన్సిల్ గీతల మీద సిరాతో దిద్దేవారు. పేజీ అడుగున ఎవరు విన్నారో రాసేవారు. "పెద్దక్క విన్నది. ఔ అన్నది." అంతే.

బుగ్గారంలో ఒక ఇంటి ముచ్చట నాకు మరుపురాదు. తాత గుర్రం మీద ఊర్లోకి వచ్చాడని మనుమడు చెప్పగా నేను రాసుకున్నాను. రెండోసారి సార్ చదువుతుంటే ఆ ఇంటి ముసలమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఆగు సారూ. గుర్రమెక్కడిది? గాడిద. మూటలేసుకొని గాడిద మీద అచ్చిండు."

మనుమడికి మొహం మాడింది. "ఉండనియ్యి సార్, గుర్రమే ఉండనియ్యి. గాడిద అంటే మంది నవ్వుతరు."

"గుర్రమంటేనే నవ్వుతర్రా!" అని ముసలమ్మ కసిరింది. "గడ్డి కొనేతందుకు పైసల్లేవు గని గుర్రమట! ఊర్లె అందరికెరుక."

"అక్క ఔ అంటెనే సిరా" అని సార్ గుర్రాన్ని రబ్బరుతో తుడిపారు. తిరుగు బస్సులో ఆ మనుమడిని తలచుకొని నేను చాలాసేపు నవ్వాను. సార్ నవ్వలేదు. కిటికీ నుంచి బయటికి చూస్తూ, "గుర్రం కావాలని ఎవలకుండది తమ్మీ" అన్నారు.

పెగడపల్లి వంతు చివరి నోటుబుక్కులో వచ్చింది. మా ఇంటి పేజీ నేనే రాశాను. నాకు తెలిసింది కొంతే. మా నాయన తల్లిని మేము బాపమ్మ అనేవాళ్లం. గత్తర, అంటే కలరా, ఊళ్లను తుడిచిపెట్టిన కాలంలో ఆమె భర్తను పోగొట్టుకొని, పసికొడుకును చంకనెత్తుకొని, గోదావరి దిక్కు నుంచి పెగడపల్లికి నడిచి వచ్చింది. ఒక రైతు ఇంట పని చేసి కొడుకును సాకింది. ఆ కొడుకు మా బాపు; నేను ఆ పేజీ రాసేనాటికే ఆయన లేడు. నేను ఇంతటితో ఆపవలసింది. ఆపలేదు. ఆమె గోదావరి ఒడ్డున పొలం, జోడెడ్లు ఉన్న ఇంటి ఆడపడుచు అని రాశాను. ఆ పొలం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఆరేళ్లుగా ఊరూరా ఇతరుల పొలాలను రాసి రాసి, మా పేజీకి వచ్చేసరికి నా చేయి ఆ మాట రాసింది.

అవి ఉద్యోగం చేస్తూ చదువుతున్న నా డిగ్రీ చివరి పరీక్షల రోజులు. ఆ నోటుబుక్కులోని ఇండ్లకు సార్ ఒక్కరే తిరిగి వినిపించుకొని వచ్చారు. మా పేజీని ఎవరికి వినిపించారని నేను అడగలేదు. రాసింది నేనే కదా, ఇక వినవలసింది ఎవరు అనుకున్నాను. డెబ్బై ఇండ్లలో ఆ పద్ధతిని కళ్లారా చూసినవాడిని, మా ఇంటికి కూడా ఆ పద్ధతి వర్తిస్తుందని నాకు తోచలేదు.

పుస్తకం తొమ్మిదేళ్ల కిందట కోరుట్లలో ఒక ఫంక్షన్ హాల్లో విడుదలైంది. నేను కొత్త చొక్కా కుట్టించుకొని వెళ్లాను. మా తల్లిని రమ్మంటే కాళ్లు గుంజుతున్నాయని రాలేదు. పుస్తకం చేతికి రాగానే పెగడపల్లి భాగం తీశాను. ఒక్కొక్క ఇంటికి ఒక పేజీ, రెండు పేజీలు. మా ఇంటి కింద ఒకే ఒక వాక్యం ఉంది:

"వీరి పుట్టుపూర్వోత్తరాలు తెలియవు."

బుగ్గారం గాడిదకు కూడా ఆ పుస్తకంలో చోటు దొరికింది. మా ఇంటికి మూడో పాలు కూడా దొరకలేదు. నేను జనాన్ని తోసుకొని వేదిక పక్కకు వెళ్లాను.

"సార్, మా ఇల్లు..."

ఆయన నా భుజం మీద చేయి వేశారు. "రాయగలిగింది రాసిన తమ్మీ."

"నేను రాసిచ్చింది ఏమైంది?"

ఆయన నా భుజం మీది చేయి తీశారు. ఎవరో దండ పట్టుకొని వచ్చారు. నేను భోజనానికి ఆగకుండా బస్సెక్కాను. రాత్రిబడి మిత్రుడొకడు నెల తరువాత కలిసి, "ఆరేండ్లు సంచి మోసినవు, ఆఖరికి నిన్నే ఎరుగనని రాసిండా సారు?" అని నవ్వాడు. అతడు వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం ఆ షెడ్డు యజమాని మళ్లీ ఎదుట నిలబడి మాట్లాడినట్టయింది. ఈసారి అతని వెనుక మా సార్ నిలబడి ఉన్నారు.

ఆ తరువాత సార్ మా పాఠశాలకు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ నేను లేనని అటెండర్‌తో చెప్పించాను. రెండోసారి కిటికీ సందులోంచి చూశాను. ఆయన వరండాలోని కుండలో నీళ్లు ముంచుకొని, నిదానంగా తాగి, గ్లాసు బోర్లించి వెళ్లిపోయారు. నీళ్లు తాగారు గనుక ఏదో అడగడానికో చెప్పడానికో వచ్చారని నాకు తెలుసు. తెలిసీ వెళ్లలేదు.

ఇప్పుడు కోరుట్ల ఇంట్లో ఆయన ముఖం చూసి, మిత్రులతో కలిసి పాడె మోశాను. దినాలు అయిన మరునాడు ఆయన భార్య నన్ను పిలిచి ఒక సంచి చేతికిచ్చారు. నేను మోసిన సంచే అది.

"నీ చేతిరాతనే గద బిడ్డా ఇవన్ని. మేమేం జేసుకుంటం, నువ్వు తీస్కపో" అన్నారు.

చివరి నోటుబుక్కు బస్సులోనే తెరిచాను. మా ఇంటి పేజీలో నా పెన్సిల్ రాత అలాగే ఉంది. ఒక్క అక్షరం మీదా సిరా ఎక్కలేదు. "పొలం" అన్న మాట కింద సన్నని గీత ఉంది. పేజీ అడుగున సార్ రాత:

"తల్లి విన్నది. ఔ అనలేదు."

ఇంటికి వచ్చేసరికి మా తల్లి చింతపండులో గింజలు తీస్తున్నది. మేము తల్లిని అవ్వ అని పిలుస్తాము.

"అవ్వా, సార్ మనింటికి వచ్చి నీకు పుస్తకం చదివి వినిపించిండా?"

ఆమె చేయి ఆగలేదు. "ఎన్నడు?"

"నువ్వే చెప్పాలె. సార్ పోయిండు. ఇంకెవలకు దాస్తున్నవు?"

అప్పుడు ఆగింది. "అచ్చిండు. నువ్వు పరీచ్చకు పోయిన దినం. నీళ్లు తాగిండు, సదివిండు. పొలం అన్నడు. ఏ పొలం సారూ అన్న. జోడెడ్లన్నడు. మా అత్తకు మేక పిల్ల గూడ లేకుండె అన్న."

నేను నోటుబుక్కు మూశాను. "గది ఒక్కటేనా?"

అవ్వ చింతపండు పక్కకు జరిపింది. "కన్నకొడుకని రాసినవు గదా. మీ బాపమ్మ కడుపున ఎవలూ పుట్టలేదురా. మొగడు పోయినంక నడిసి అస్తుంటే, గత్తర పడ్డ ఊరి బయట సచ్చిన తల్లి పక్కపొంటి పోరడు ఏడుస్తున్నడట. ఎత్తుకున్నది. గా పోరడే మీ బాపు."

"బాపుకు ఎరుకేనా?"

"లేదు. ఎరుక గావద్దని పోయేముందు నాతోని ఒట్టు వెట్టించుకున్నది. నా కొడుకు నా కొడుకే అన్నది. ఎవల పిల్లగాడో, ఏ కులమో ఎవలకెరుక? అబద్ధం అచ్చయితదంటే ఊకోలేక సారుకు చెప్పిన. నిజం రాయద్దన్న. నీకు చెప్పద్దని మాట తీసుకున్న."

"నాకు చెప్పంది సార్‌కు చెప్తివా?"

"ఆయిన బయటోడు. బయటోనికి చెప్పచ్చు. నీకు చెప్తే, గోడ మీద బాపు ఫోటో మునుపటి లెక్క సూద్దువా?"

నేను గోడ వైపు చూడలేకపోయాను. నేను పాఠశాలలో సార్‌ను వెళ్లగొట్టిన తరువాత ఆయన మళ్లీ ఒకసారి మా ఇంటికి వచ్చారట. "అక్కా, నువ్వు మాటియ్యమంటే ఇచ్చిన. ఇప్పుడు తిరిగి తీసుకో, తమ్మికి చెప్పుకుంట" అన్నారట. అవ్వ ఒప్పుకోలేదట. ఆయన నీళ్లు తాగకుండానే వెళ్లిపోయారట.

ఆయన అబద్ధం రాయరు. నిజం రాయనని మాట ఇచ్చారు. మిగిలింది ఆ ఒక్క వాక్యం. అది నాకు అర్థమైంది. అర్థమైనందువల్ల నొప్పి తగ్గలేదు. నేను ఆయన విద్యార్థిని. నా కాగితం దిద్దారు, తప్పు కింద గీత గీశారు, కాగితాన్ని మాత్రం నాకు చూపలేదు. మా బాపు ఎవరో మా బాపమ్మకు తెలుసు, మా అవ్వకు తెలుసు, ఊరు కాని ఊరి మనిషికి తెలుసు. తెలియవలసిన ఇద్దరిలో ఒకడు తెలియకుండానే పోయాడు. రెండోవాడు నలభై ఏడేళ్ల వయసులో, ఆ మనిషి దినాలయ్యాక తెలుసుకున్నాడు. చదువు చెప్పిన మనిషే నేను తెలుసుకొని తట్టుకోలేనని తీర్మానించారు. సార్ నాకు ద్రోహం చేశారు.

మరి ఇదే మనిషి, వేలెడు పొడవు లేని పెన్సిల్ ముక్కతో నాకు అక్షరాలు దిద్దించారు. మా ఇంటి నీళ్లు అడిగి తాగిన మొదటి చదువుకున్న మనిషి కూడా ఆయనే. నా పొలాన్ని చూసి నవ్వకుండా, కింద ఒక గీత మాత్రం గీసి ఊరుకున్నారు. బుగ్గారం బస్సులో ఆయన ఎందుకు నవ్వలేదో ఇప్పుడు తెలుస్తున్నది. ఒకవైపు ఇది, ఒకవైపు అది. రెండింటినీ కలిపి ఒక ముగింపు రాయడం నాకు చేతకాలేదు.

ఈ పేజీలను నేను మొదట పెన్సిల్‌తో రాశాను. సార్ పద్ధతి ప్రకారం మా ఇంటి పెద్దకు చదివి వినిపించాను. అవ్వ గోడకు ఆనుకొని విన్నది. గాడిద దగ్గర నవ్వింది. పొలం దగ్గర నన్ను చూసింది. బాపమ్మ సంగతి వచ్చినప్పుడు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నేను ఆగాను.

"సదువు. ఇగ దాసుకునేతందుకు ఎవలున్నరు? బాపు లేడు, సారు లేడు" అన్నది.

పూర్తయ్యాక కలం మూత తీసి ఆమె నోటి వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన అలాగే కూర్చునేవారు.

"ఔ" అన్నది. నేను కలం ఆనించబోతుంటే, "ద్రోహం అని ఒకటి రాసినవు సూడు. గదొక్కటి తీసెయ్" అన్నది.

"అది నిజమే గదనే."

"నిజమే కావచ్చు. చేయించింది నేను. దానికి నేను ఔ అనను."

నేను తీసివేయలేదు. మిగిలిన వాక్యాలన్నిటినీ సిరాతో దిద్దాను. అచ్చులో మీకు అన్నీ ఒకే నలుపులో కనిపిస్తాయి. నా దగ్గర ఉన్న కాగితంలో మాత్రం ఆ ఒక్క వాక్యం ఇంకా పెన్సిల్ రంగులోనే ఉంది.